సన్న సూది

మా ఆస్పత్రి స్కాన్ సెంటర్లో ఒక కట్టుబాటు ఉంది: సొంతవాళ్ళ స్కాన్ మనం చదవకూడదు. ఎవరూ రాసిపెట్టింది కాదు గానీ అందరం పాటిస్తాం. మనవాళ్ళ తలలోకి చూస్తున్నప్పుడు కన్ను తను కోరుకున్నదాన్నో, భయపడుతున్నదాన్నో వెతుక్కుంటుంది. రెండూ పనికిరావు. అందుకే మా వదినకి ఎం.ఆర్.ఐ. తీసినరోజు నేను మానిటర్ ముందునుంచి లేచి క్యాంటీన్‌కి వెళ్ళిపోయాను. బొమ్మలు చదివింది మా పెద్దాయన.

పెద్దాయన మా డిపార్ట్‌మెంటుకి హెడ్. నాకు స్కాన్ బొమ్మలు చదవడం నేర్పింది ఆయనే. నాకు ముక్కు మీద కోపం. నోరు పారేసుకున్నాక గానీ పారేసుకున్నట్టు తెలియదు. మిగతావాళ్ళు నన్ను చూసి పక్కకి తప్పుకుంటారు. ఆయన ఒక్కరే, నేను అరిచినంతసేపూ కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుని, "అయిపోయిందా అమ్మా? ఇక బొమ్మ చూద్దామా?" అంటారు.

మా వదిన, అంటే మా అన్నయ్య భార్య, ఈత నేర్పుతుంది. మెడలో విజిల్ వేలాడుతూ ఉంటుంది గానీ అది అలంకారానికే. కొలను ఈ చివర నిలబడి ఆవిడ ఒక్క కేక వేస్తే ఆ చివర నీళ్ళలో తల పెట్టినవాడు కూడా ఆగిపోతాడు. "ఏయ్ ఎర్రటోపీ! ఈదుతున్నావా, స్నానం చేస్తున్నావా?" ఇదీ ఆవిడ పాఠం చెప్పే తీరు. నేను హైస్కూల్లో ఉండగా ఆవిడ మా ఇంటికి వచ్చింది. వచ్చిన కొత్తలోనే నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్ళి నీళ్ళలో దింపింది. మా ఇంట్లోవాళ్ళం అప్పటిదాకా నీళ్ళని బకెట్లో చూసినవాళ్ళమే. ఈ భూమ్మీద నేను ఎవరికైనా ఎదురు చెప్పడానికి వెనకాడతానంటే అది ఆవిడకే.

ఆవిడ ఎడమచెవిలో చాలాకాలంగా ఏదో చప్పుడు. "నీళ్ళు పోయాయి" అనేది. ఈత నేర్పేవాళ్ళ చెవిలో నీళ్ళు పోవడం వంటచేసేవాళ్ళ చెయ్యి కాలడం లాంటిది, ఎవరూ పట్టించుకోరు. తల పక్కకి వంచి ఒంటికాలి మీద గెంతేది, చుక్కలమందు వేసుకునేది, మళ్ళీ కొలనుకి పోయేది. ఈమధ్య సాయంత్రానికల్లా గొంతు బొంగురుపోవడం మొదలైంది. ఒకరోజు మంచినీళ్ళు తాగుతూ పొలమారి, ఎంతకీ దగ్గు ఆగలేదు. అప్పుడు నేను ఊరుకోలేదు. మా ఆస్పత్రిలో చెవి సర్జన్ దగ్గరికి తీసుకెళ్ళాను. చెవిలోకి చూస్తే ఏమీ కనబడలేదు. ఆయన స్కాన్‌కి పంపారు.

ఎడమచెవికి దిగువన, కపాలం అడుగున ఒక కంత ఉంటుంది. అందరికీ ఉంటుంది. మెదడులోని చెడురక్తాన్ని కిందికి దింపే పెద్ద సిర అందులోంచే వస్తుంది. దాన్ని ఒరుసుకుంటూ మూడు నరాలు దిగుతాయి. మనం గుటక వేయగలిగినా, మాట్లాడగలిగినా, భుజం ఎత్తగలిగినా వాటి పుణ్యమే. వదినకి ఆ కంతలో శనగగింజంత గడ్డ ఉంది.

అక్కడ పెరిగే గడ్డలు ముఖ్యంగా మూడు రకాలు. నరం మీది తొడుగునుంచి పుట్టేది ఒకటి. మెదడుని కప్పే పొరనుంచి పుట్టేది ఇంకొకటి. మూడోది గ్లోమస్, దాన్ని సన్నటి రక్తనాళాల చిక్కుముడి అనుకోవచ్చు. తొడుగు గడ్డని జాగ్రత్తగా ఒలిచి తీసేయొచ్చు, గొంతు దక్కే అవకాశం బాగానే ఉంటుంది. గ్లోమస్ సంగతి వేరు. అది గ్లోమస్ అని తెలియకుండా కత్తి పెడితే రక్తం ఆగదు. ఆ రక్తంలో సర్జన్‌కి నరమేదో గడ్డేదో కనబడదు. ముందుగా నాళాలు మూసి, అన్నీ సిద్ధం చేసుకుని కోసినా అక్కడి నరాలు దెబ్బతినడం మామూలు. అందుకని చిన్న గ్లోమస్‌ని చాలాసార్లు కోయకుండా రేడియేషన్‌తో పెరక్కుండా ఆపుతారు.

గ్లోమస్ పెద్దదైతే లోపలి రక్తనాళాలు నల్లచుక్కల్లా కనబడి తనని తానే పట్టిస్తుంది. శనగగింజంతదానిలో ఆ చుక్కలుండవు. మామూలు బొమ్మలో మూడు రకాలూ ఒకే బూడిదరంగులో, ఏమీ ఎరగనట్టు కూర్చుంటాయి. అందుకే చేతి సిరలోకి, బొమ్మలో తెల్లగా కనబడే కాంట్రాస్ట్ మందు ఎక్కిస్తూ, అది వెళ్తున్నంతసేపూ ఆగకుండా బొమ్మలు తీస్తాం. గ్లోమస్ అయితే రక్తనాళంతోపాటే చటుక్కున తెల్లబడుతుంది. తొడుగు గడ్డ తీరిగ్గా, కొద్దికొద్దిగా తెల్లబడుతుంది. కాసేపు పోతే అన్నీ తెల్లగానే ఉంటాయి, ఇక తేడా చెప్పలేం. తెలిసేదంతా ఆ మొదటి నిమిషంలోనే.

వదిన గడ్డ తీరిగ్గా తెల్లబడింది. ఎంత వేగంగా తెల్లబడిందో గ్రాఫు గీస్తే మెల్లగా ఎక్కే మెట్టలా వచ్చింది. తొడుగు గడ్డ అని పెద్దాయన రిపోర్టు ఇచ్చేశారు. మామూలుగా రెండురోజులు పట్టే రిపోర్టు ఆ సాయంత్రానికే చేతికిచ్చి, "మనింటి మనిషి కదమ్మా" అన్నారు. సర్జన్ కూడా అంతే. ఆయన డేట్ కోసం జనం నెలలతరబడి కాచుకుంటారు. "మీ వదినగారంటే మాకూ వదినగారే" అని వచ్చే గురువారమే ఆపరేషన్ పెట్టేశారు. అందరూ ఇంత మంచివాళ్ళయినందుకు నా కడుపు నిండిపోయింది.

ఆదివారం అన్నయ్య వాళ్ళింటికి వెళ్ళాను. అన్నయ్య డ్రైవింగ్ స్కూల్ నడుపుతాడు. బయట ఎంతమందిని అదిలించినా ఇంట్లో వెనకసీటులోనే కూర్చునే మనిషి. ఆపరేషన్ మాట మొదలైనప్పటినుంచి ఇల్లు తుడిచిందే తుడుస్తున్నాడు. వదిన వంటింట్లో బల్ల దగ్గర బఠాణీలు ఒలుస్తోంది. నేనూ కూర్చుని కాయలు అందుకున్నాను.

"ఆపరేషన్ అయితే ఈ చప్పుడు పోతుందా, డాక్టరమ్మా?" అంది. నన్ను ఎప్పుడూ అలాగే పిలుస్తుంది, ఎగతాళిగా.

"ఏం చప్పుడు వదినా? నీళ్ళు కదిలినట్టేగా?"

"నీళ్ళో నిప్పులో నాకేం తెలుసు? ఇదిగో, ఇలా." బఠాణీల గిన్నె అంచుమీద గోటితో కొట్టి చూపించింది. ఆగి, మళ్ళీ కొట్టింది. లయ తప్పకుండా, ఒకే వరసలో.

నేను చెయ్యి చాచి ఆవిడ రెండో మణికట్టు పట్టుకున్నాను. గోరు గిన్నెని తాకినప్పుడల్లా నా వేళ్ళకింద నాడి ఎగిరింది. ఒక్కటీ తప్పలేదు.

"ఈ సంగతి సర్జన్‌కి చెప్పావా?"

"ఆయన 'చెవిలో నీళ్ళు పోయినట్టుంటుందా' అన్నాడు. అవునన్నాను. ఏం, చెయ్యి వదులు, వంటకి ఆలస్యమవుతోంది."

చెవిలో గుండె చప్పుడు వినబడుతోందంటే పక్కన రక్తం జోరుగా పారుతోందన్నమాట. తొడుగు గడ్డ అలా మోగదు. గ్లోమస్ మోగుతుంది. నేను బఠాణీలు వదిలేసి లేచాను. "తిని వెళ్ళవే!" అని వదిన వెనకనుంచి కేకేసింది. ఆ గొంతు కొద్దిగా చీలినట్టు వినబడింది. నాకు నిజంగా భయమేసింది.

డిపార్ట్‌మెంటులో ఆదివారం కాబట్టి ఎవరూ లేరు. కట్టుబాటుని తుంగలో తొక్కి వదిన బొమ్మలు తెరిచాను. చాలాసేపు నాకూ పెద్దాయనకి కనబడిందే కనబడింది. గడ్డ తీరిగ్గానే తెల్లబడుతోంది. నేను భయపడుతున్నదాన్ని వెతుక్కుంటున్నానేమో అని నామీద నాకే అనుమానం వచ్చింది. అప్పుడు గడ్డని వదిలేసి, దాని పక్కనే మెదడుకి ఎక్కే పెద్ద ధమనిని చూశాను. మందు వచ్చినప్పుడు ఆ ధమని లైటు వేసినట్టు ఒక్కసారిగా వెలగాలి. ఎవరిదైనా అంతే. ఇక్కడ అది కూడా తీరిగ్గా తెల్లబడుతోంది. గడ్డతో సమానంగా నింపాదిగా నడుస్తోంది.

అంటే మందే నెమ్మదిగా వచ్చింది. మందు నెమ్మదిగా వస్తే ఏ గడ్డయినా నెమ్మదిగానే తెల్లబడుతుంది. ఆ గ్రాఫు గడ్డ గురించి ఏమీ చెప్పడంలేదు. అలాంటిదాన్ని నమ్ముకుని గురువారం మా వదిన మెడ కోయబోతున్నారు.

మర్నాడు పొద్దున్నే మా టెక్నీషియన్ వచ్చీరాగానే పట్టుకుని, మందు ఏ వేగంలో ఎక్కించావని అడిగాను. అతను పనిలో వంక పెట్టడానికి వీల్లేని మనిషి. కాంట్రాస్ట్ ఇచ్చే మెషీన్‌ని అందరికీ ఒకే వేగంలో పెడతాడు, అందరికీ ఒకే లావు సూది వాడతాడు. అలాంటివాడు ఆవేళ నీళ్ళు నమిలాడు.

"మీ వదినగారు కదా మేడమ్... సూది చూసి వణికిపోయారు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నాకే కష్టమనిపించింది. పసిపిల్లలకి వాడే సన్న సూది పెట్టాను. సన్న సూదిలోంచి జోరుగా పోదు కదా, అందుకని స్పీడు కూడా బాగా తగ్గించాను. ఆవిడ 'నొప్పే లేదు నాయనా' అని దీవించారు కూడా."

నేను ఒంటికాలి మీద లేచాను. ఏమేమి అన్నానో తిరిగి చెప్పను. వదినకి సూదులంటే భయమని మా ఇంటిల్లిపాదికీ తెలుసు. పదిమంది మునిగేవాళ్ళని ఒడ్డుకి లాగిన మనిషి రక్తపరీక్ష అంటే మంచంకింద దూరుతుంది. అతను పాపం ఏ ఊరూపేరూ లేని పేషెంటు ఏడ్చి ఉంటే ధైర్యం చెప్పి లావు సూదే పెట్టి ఉండేవాడు. మా వదిన కాబట్టి మనసు కరిగింది. అతను తలొంచుకుని నిలబడితే నా అరుపు మధ్యలోనే ఆగిపోయింది.

పెద్దాయన బొమ్మలు మళ్ళీ చూశారు. ధమని దగ్గరికి వచ్చేసరికి కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఈసారి నేనేమీ అరవలేదు.

"గ్రాఫు చూశాను గానీ ధమనిని చూడలేదమ్మా. మన దగ్గర మందు వేగం ఏనాడూ మారదు, అందుకని చూసే అలవాటు పోయింది. పైగా నీకు సాయంత్రానికి ఇచ్చేయాలని తొందరపడ్డాను." కళ్ళజోడు పెట్టుకున్నారు. "నా రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నాను. స్కాన్ మళ్ళీ తీయాలి. సర్జన్‌కి నేను చెప్పనా, నువ్వు చెబుతావా?"

నేనే వెళ్ళాను. సర్జన్ మొహం చిట్లించారు. గురువారం వదిలేస్తే మళ్ళీ డేట్ ఎప్పుడో చెప్పలేనన్నారు.

"మీ వదినగారనే కదండీ, అంతమందిని పక్కన పెట్టి ముందు డేట్ ఇచ్చింది?"

"మా వదిన కాబట్టే మనందరం ఇలా చేశాం సార్. వేరే ఎవరైనా అయితే మీరే 'చప్పుడు ఎలా ఉంటుంది, కొట్టి చూపించు' అని అడిగి ఉండేవారు."

ఆయన కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు. చెడ్డమనిషి కాదు. "గ్లోమస్ అయి ఉంటే టేబుల్ మీదే పోయేదేమో" అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. గురువారం డేట్ కొట్టేశారు.

ఇక మిగిలింది వదిన. ఆవిడ దగ్గరికి వెళ్ళేసరికి కొలనులో పిల్లల క్లాసు నడుస్తోంది. తడిసిన గచ్చుమీద ప్యాంటు పైకి మడుచుకుని, చెప్పులు చేతపట్టుకుని ఆవిడ పక్కన నిలబడ్డాను. క్లోరిన్ వాసన, పైకప్పుకి కొట్టుకుని తిరిగొచ్చే అరుపులు. మధ్యమధ్య ఆవిడ పిల్లల్ని అదిలిస్తుంటే నేను చెప్పాల్సింది చెప్పాను.

"ఒకసారి తీశారుగా. మళ్ళీ సూదా? నావల్ల కాదు," అంది నీళ్ళవైపే చూస్తూ. "గురువారం తీసిపారేస్తానన్నాడుగా ఆయన. తీసిపారెయ్యమను. ఏయ్, గోడ పట్టుకోవద్దన్నానా!"

"అది ఏదో తెలియకుండా కోస్తే నీ గొంతు పోవచ్చు వదినా. ప్రాణమే పోవచ్చు."

ఆవిడ నావైపు తిరిగింది. "మొన్న తెలిసిందన్నారు. ఇవాళ తెలియదంటున్నారు. మీ ఆస్పత్రి నిండా నీకు తెలిసినవాళ్ళే కదే?"

"అదే వచ్చిన చిక్కు. నువ్వు నా వదినవని తెలిసి ఒకడు సన్న సూది పెట్టాడు, ఒకాయన తొందరగా చదివాడు, ఇంకొకాయన ముందు డేట్ ఇచ్చాడు. అందరూ నిన్ను ముద్దుచేశారు. నిన్ను ఎవరో అనామకురాలిగా పంపి ఉంటే ఈపాటికి అన్నీ సరిగ్గా జరిగేవి." చేతిలో చెప్పులు కింద పెట్టాను. "నాకు భయంగా ఉంది వదినా. నువ్వు కేకెయ్యకపోతే నాకు తోచదు."

ఆవిడ విజిల్ నోట్లో పెట్టుకుని, ఊదకుండానే తీసేసింది. పిల్లల్ని గట్టెక్కమని సైగ చేసి, తువ్వాలు భుజాన వేసుకుంది.

"సరే. లావుదే పెట్టమను. కానీ నువ్వు నా పక్కన ఉండకూడదు. నువ్వుంటే ఏడుపొస్తుంది, నాకు ఏడుపొస్తే ఆ అబ్బాయికి మళ్ళీ జాలేస్తుంది."

బుధవారం రెండోసారి స్కాన్ తీశారు. నేను అద్దం వెనక గదిలో, పెద్దాయన పక్కన కూర్చున్నాను. టెక్నీషియన్ లోపలికెళ్ళి మోచేతి మడతలో లావు సూది పెట్టి వచ్చాడు. స్పీకర్లోంచి ఒక్క తిట్టు వినబడింది. టెక్నీషియన్ నావైపు చూడకుండా మెషీన్‌ని అందరికీ పెట్టే వేగంలోనే పెట్టి బటన్ నొక్కాడు.

బొమ్మలు వరసగా రావడం మొదలైంది. మొదటివి నల్లగా ఉన్నాయి. ఆ తర్వాత ధమని వెలిగింది. దాని వెంటే, నేను పట్టిన ఊపిరి వదిలేలోపు, శనగగింజ కూడా తెల్లగా వెలిగిపోయింది. గ్రాఫు గీయాల్సిన అవసరమే లేకపోయింది.

"గ్లోమస్," అన్నారు పెద్దాయన.

నేను బల్లమీద తల పెట్టుకుని ఏడ్చాను. రేపు ఈపాటికి ఏం జరిగేదో కళ్ళకి కట్టినట్టు కనబడింది. పెద్దాయన నన్ను ఓదార్చలేదు. గ్లోమస్ ఒక్కోసారి రెండోవైపూ ఉంటుంది కాబట్టి మెడ కుడివైపు కూడా బొమ్మలు తీయించి, అక్కడ ఇలాంటిది రెండోది లేదని చూసుకుని, రిపోర్టు తీరిగ్గా రాశారు. అది రెండురోజుల తర్వాత గానీ ఇవ్వలేదు. నేనూ తొందరపెట్టలేదు.

తర్వాతిదంతా మామూలుగానే జరిగింది. వదిన వరసలో కూర్చుని, వరస వచ్చినప్పుడే లోపలికి వెళ్ళింది. కోత లేదు. రేడియేషన్‌తో గడ్డ పెరగడం ఆపుతామని, అది మాయమైపోదని, చెవిలో చప్పుడు తగ్గొచ్చు, తగ్గకపోవచ్చునని డాక్టర్లు చెప్పారు. అన్నయ్య అన్నీ రెండేసిసార్లు అడిగాడు. వదిన ఒకటే అడిగింది, క్లాసులకి ఎప్పుడు వెళ్ళొచ్చని. చప్పుడు పూర్తిగా పోలేదు. పడుకునేటప్పుడు విసుగ్గా ఉంటుందంటుంది. గొంతు మాత్రం నిలిచింది, సాయంత్రాలు ఆ బొంగురు కూడా తగ్గింది.

ఏడాది తర్వాత, గడ్డ అలాగే ఉందో లేదో చూడడానికి మళ్ళీ స్కాన్‌కి వచ్చింది. మా టెక్నీషియన్ ఆవేళ సెలవు. కొత్తగా చేరినతను డ్యూటీలో ఉన్నాడు, బుద్ధిమంతుడు. నేను అద్దం వెనక వేరే పేషెంటు బొమ్మలు చూసుకుంటున్నాను. స్కాన్ గదిలో మైకు తెరిచే ఉంది. ఒంటిమీద లోహమేదైనా ఉందా, కిడ్నీ జబ్బేమైనా ఉందా అని అతను వరసగా అడుగుతున్నాడు. వదిన చెయ్యి చాచి, మొహం అటు తిప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. పెదవులు వణుకుతున్నాయి. అతను ఆవిడ వంక చూసి జాలిపడ్డాడు. అద్దంలోంచి నాకు తెలుస్తూనే ఉంది.

"మీదీ మా మేడమ్‌దీ ఒకటే ఇంటిపేరు కదండీ. ఆవిడ మీకు ఏమైనా అవుతారా?"

వదిన కళ్ళు తెరిచింది. అద్దంలోంచి నన్ను సూటిగా చూసింది. తర్వాత అతనివైపు తిరిగి, కొలను ఆ చివరికి వినబడే గొంతుతో చెప్పింది. మా గదిలో స్పీకరు అదిరింది.

"ఏమీ అవదు. నాకిక్కడ ఎవరూ లేరు నాయనా. అందరికీ చేసినట్టే చెయ్యి."

అతను కంగారుపడి అద్దంవైపు చూశాడు, నిజమేనా అన్నట్టు. నాకు నవ్వొచ్చింది, దానివెనకే కళ్ళు నిండాయి. నేను ఎరగనట్టు తలొంచుకుని, మైకు బటన్ నొక్కి, "పేషెంటు రెడీయేనా?" అని అడిగాను.